కొలత రెండింతలు, ఉపరితలం నాలుగింతలు, పాలు ఎనిమిదింతలు



ఏటా వేసవి రాగానే పాలు పగిలిపోయినాయన్న ఫిర్యాదులు మొదలవుతాయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో మే నెలలో నీడలోనే 44, 45 డిగ్రీల ఎండ కాస్తుంది. రైతు పాలు మంచివే పోశానంటాడు. కార్యదర్శి డబ్బా శుభ్రంగానే వుందంటాడు. శీతల కేంద్రంవారు పాలు వచ్చేసరికే పులిశాయంటారు. ముగ్గురి మాటా నిజమే కావచ్చు. నాలుగో కారణం ఒకటి వుంది. దాన్ని ఎవరూ తలవరు. అది డబ్బా సైజు. ఒక వస్తువు కొలతలు పెరిగితే దాని పైభాగం ఎంత పెరుగుతుంది, లోపల పట్టే సరుకు ఎంత పెరుగుతుంది అన్న లెక్క తెలిస్తే పాల విషయంలోనే గాక దాణా, మందు, మరమ్మతుల విషయంలో కూడా మన సంఘాలు చాలా నష్టాన్ని తప్పించుకోవచ్చు. ఆ లెక్కను అందరికీ అర్థమయ్యేలా చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా అభ్యంతరం, అగ్గిపెట్టెల సమాధానం

ఈ లెక్క మాకు పుస్తకంలో కనబడలేదు. సహకార డిప్లొమాలో జమా ఖర్చులు, ఉపనిబంధనలు, తనిఖీ పద్ధతులు నేర్పారు. ఇది మాత్రం మా పొరపాటు వల్లనే తెలిసింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో సూర్యాపేట దరిదాపుల్లోని ఒక పాల సంఘాన్ని తనిఖీ చేయటానికి వెళ్లాము. అప్పట్లో ఇదంతా నల్లగొండ జిల్లాయే. 2016 అక్టోబరులో సూర్యాపేట వేరే జిల్లా అయినపుడు కోదాడ అందులోకి వెళ్లింది, మిర్యాలగూడ నల్లగొండలోనే వుండిపోయింది. ఆ సంఘంలో పాల డబ్బాలను నీటిలో దించి వుంచటానికి ఒక సిమెంటు తొట్టి వుండేది. పొడవు, వెడల్పు, లోతు అన్నీ ఒక్కొక్క మీటరు. సభ్యులు పెరగటంతో పాలకవర్గం తీర్మానం చేసి, అన్ని కొలతలూ రెండేసి మీటర్లు వుండేలా కొత్త తొట్టి కట్టించింది. లోపలి గిలాబుకు పాత తొట్టికి ఎన్ని చదరపు మీటర్ల కూలి ఇచ్చారో, కొత్తదానికి దానికి సరిగ్గా నాలుగు రెట్లు బిల్లు రాసి వుంది.

కొలత రెట్టింపైతే ఖర్చు రెట్టింపు కావాలి గదా, నాలుగు రెట్లు ఎట్లా అయిందని మేము అభ్యంతరం రాశాము. రెండు రెట్ల మీద రాసిన మొత్తాన్ని కార్యదర్శి నుంచి వసూలు చేయాలని కూడా రాశాము. కార్యదర్శి యాభై దాటిన మనిషి. హైస్కూలు చదువు కూడా పూర్తి కాలేదు. సంఘం పెట్టిన నాటినుంచి పైసా తేడా లేకుండా నడిపినవాడు. మా రాత చదువుకొని ఆయన కోపగించుకోలేదు. లేచి పక్క కొట్టుకు వెళ్లి ఎనిమిది అగ్గిపెట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"సారూ, సంతకం తర్వాత పెట్టుండ్రి. ముందుగాల గీ పెట్టెలు సూడుండ్రి," అన్నాడు.

ఒక పెట్టెను వేరుగా వుంచి, దాని పెద్ద ముఖం మీద వేలు పెట్టి "ఇది ఒకటి" అన్నాడు. తరువాత ఎనిమిదింటినీ కలిపి పేర్చాడు. పొడవున రెండు, వెడల్పున రెండు, ఎత్తున రెండు. అన్ని కొలతలూ రెట్టింపైన ఒక పెద్ద అగ్గిపెట్టె తయారైంది. దాని పైముఖం చూపి ఎన్ని వున్నాయో లెక్కపెట్టమన్నాడు. నాలుగు. పక్క ముఖం తిప్పి చూపాడు. అక్కడా నాలుగే. ఏ పక్క చూసినా నాలుగే. "పెట్టెలు ఎనిమిది పట్టినయ్. గోడకు మాత్రం నాలుగింతలే పూత. మేస్త్రీ గోడను సూసి కూలి అడుగుతడు గని నీళ్లను సూసి అడుగుతడా సారూ?" అన్నాడు.

మేము కాగితం తీసి లెక్క వేశాము. పాత తొట్టికి అడుగు ఒకటి, గోడలు నాలుగు, మొత్తం 5 చదరపు మీటర్లు. కొత్త తొట్టికి ఒక్కొక్క ముఖం 4 చదరపు మీటర్లు, అయిదు ముఖాలకు 20. సరిగ్గా నాలుగు రెట్లు. నీళ్లు వెయ్యి లీటర్లు పట్టేచోట ఎనిమిది వేల లీటర్లు పడుతున్నాయి. సంఘానికి నష్టం లేదు సరికదా, నాలుగింతల ఖర్చుతో ఎనిమిదింతల పని జరిగింది. అభ్యంతరం కొట్టివేసి, కొట్టివేసిన కారణం కూడా రిజిస్టరులో రాశాము. ఆ ఎనిమిది అగ్గిపెట్టెలు రాకుంటే, నిజాయితీపరుడైన ఒక మనిషి పేరు మీద మా అజ్ఞానం వల్ల మచ్చ పడి వుండేది. అందుకే ఈ లెక్క మాకు ఎప్పటికీ మరుపు రాదు.

సూత్రం ఇంతే

ఆకారం మారకుండా ఒక వస్తువు కొలతలన్నీ ఒకే రకంగా పెరిగితే మూడు విషయాలు మూడు తీరులుగా పెరుగుతాయి.

పొడవు, వెడల్పు, ఎత్తు రెండింతలైతే ఉపరితలం రెండు రెళ్లు నాలుగింతలు అవుతుంది. లోపలి ఘనపరిమాణం, అంటే పట్టే సరుకు, రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిదింతలు అవుతుంది. కొలతలు మూడింతలైతే ఉపరితలం తొమ్మిదింతలు, సరుకు ఇరవై ఏడింతలు. పదింతలైతే ఉపరితలం నూరింతలు, సరుకు వెయ్యింతలు. ఉపరితలం వర్గంగా పెరుగుతుంది, సరుకు ఘనంగా పెరుగుతుంది. వస్తువు గుండ్రంగా వున్నా, చతురస్రంగా వున్నా, బర్రె ఆకారంలో వున్నా ఈ నియమం మారదు.

దీన్ని తిప్పి చూస్తే ఇంకొక సంగతి తెలుస్తుంది. వస్తువు పెద్దదయ్యేకొద్దీ ఒక్కొక్క లీటరు వంతుకు వచ్చే ఉపరితలం తగ్గుతుంది. అగ్గిపెట్టెలు విడివిడిగా వున్నపుడు ఎనిమిదింటికి ఆరేసి చొప్పున 48 ముఖాలు గాలికి తగులుతున్నాయి. కలిపి పేర్చినపుడు బయట కనిపించేవి 24. తక్కిన 24 లోపల ఒకదానికొకటి అంటుకొని దాగిపోయినాయి. వాటికి ఎండ తగలదు, గాలి తగలదు, దుమ్ము తగలదు.

ఇటలీ శాస్త్రజ్ఞుడు గెలీలియో 1638లో ప్రచురించిన గ్రంథంలో ఈ విషయం వివరించాడు. జంతువు పెద్దదయ్యేకొద్దీ దాని బరువు ఘనంగా పెరుగుతుంది, ఎముక అడ్డుకోత మాత్రం వర్గంగానే పెరుగుతుంది, కాబట్టి పెద్ద జంతువు ఎముకలు పొడవుతో పోల్చినా మరింత లావుగా వుండక తప్పదు అని ఆయన చూపించాడు. కుందేలు కాలును, బర్రె కాలును పక్కపక్కన తలచుకుంటే ఆ మాట బోధపడుతుంది.

పాల డబ్బా దగ్గర ఏం జరుగుతుంది

ఇప్పుడు మన డబ్బాలకు వద్దాం. మెడ, పిడులు వదిలేసి, 35 సెంటీమీటర్ల అడ్డకొలత, 42 సెంటీమీటర్ల ఎత్తు వున్న గుండ్రటి డబ్బాను తీసుకుందాం. అందులో సుమారు 40 లీటర్లు పడతాయి. దాని అడుగు, మూత, చుట్టుగోడ కలిపి ఉపరితలం సుమారు 6,540 చదరపు సెంటీమీటర్లు. ఇప్పుడు కొలతలు సగం చేద్దాం. అడ్డకొలత 17.5, ఎత్తు 21 సెంటీమీటర్లు. పట్టేది సుమారు 5 లీటర్లు. ఉపరితలం సుమారు 1,635 చదరపు సెంటీమీటర్లు. అవే 40 లీటర్ల పాలను ఇలాంటి ఎనిమిది చిన్న డబ్బాల్లో తెస్తే మొత్తం ఉపరితలం సుమారు 13,080 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. పాలు అవే, వాటికి తగిలే లోహం రెట్టింపు.

వేడి రావటమైనా, పోవటమైనా ఉపరితలం గుండానే జరగాలి. పాలలో నిలవ వుండే వేడి మాత్రం లీటర్లను బట్టి వుంటుంది. కాబట్టి చిన్న డబ్బా తొందరగా వేడెక్కుతుంది, తొందరగా చల్లారుతుంది. పెద్ద డబ్బా నిదానంగా వేడెక్కుతుంది, నిదానంగా చల్లారుతుంది. ఇందులో ఒక సగం మాత్రమే గుర్తు పెట్టుకొన్నవారు పొరపాటు పడతారు.

చల్లార్చటం వేరు, చల్లగా వుంచటం వేరు

బర్రె పొదుగు నుంచి వచ్చే పాలు దాని ఒంటి వేడితోనే, అంటే సుమారు 38 డిగ్రీలతో వస్తాయి. అప్పుడే పిండిన పాలలో సూక్ష్మజీవులను కొంతసేపు అణచి వుంచే సహజ శక్తి వుంటుంది. అది కొద్ది గంటలకు మించి నిలవదు. ఆ తరువాత గోరువెచ్చని పాలలో అవి అరగంటకొకసారి రెట్టింపవుతాయని అనుకొంటే, మూడు గంటల్లో ఒకటి 64 అవుతుంది, అయిదు గంటల్లో వెయ్యి దాటుతుంది. అదే పాలను 4 డిగ్రీలకు దించితే వాటి పెరుగుదల బాగా మందగిస్తుంది. కాబట్టి పాలు పితికిన తరువాత మొదటి గంటలే కీలకం.

ఆ మొదటి గంటల్లో మనకు కావలసింది వేడి బయటికి పోవటం. అప్పుడు చిన్న పాత్రే మేలు. ఇంటి దగ్గర పాలు పిండిన సోదరి పెద్ద డబ్బా నిండేదాకా ఆగకుండా, చిన్న డబ్బాను నీడలో చల్లని నీటి తొట్టిలో మెడదాకా దించి వుంచితే వేడి త్వరగా దిగుతుంది. 5 లీటర్ల డబ్బా చల్లారటానికి పట్టే కాలంతో పోలిస్తే, అదే ఆకారం గల 40 లీటర్ల డబ్బాకు పాలు కలియబెడుతూ వుంటే దాదాపు రెండింతల కాలం పడుతుంది. కదపకుండా వుంచితే నడుమనున్న పాల వేడి బయటికి రావటానికి దారి కూడా పొడవు గనుక ఆ కాలం నాలుగింతల దాకా పోవచ్చు. డబ్బా గోడ చల్లగా తగిలిందని లోపలి పాలు చల్లారాయని అనుకోవద్దు. తడిపిన గోనెసంచి చుడితే నీరు ఆవిరవుతూ మరికొంత వేడిని లాగివేస్తుంది. ఆ పని కూడా ఉపరితలం మీదనే జరుగుతుంది.

పాలు చల్లారిన తరువాత పని తిరగబడుతుంది. ఇప్పుడు లోపల చల్లదనం వుంది, బయట ఎండ వుంది. వేడి లోపలికి రాకూడదు. అప్పుడు పెద్ద పాత్రే మేలు. చల్లార్చిన పాలను చిన్న చిన్న డబ్బాల్లో పోసి ట్రాలీ ఆటోలో ఎండలో పంపితే, చల్లార్చటానికి పడిన శ్రమంతా దారిలో పోతుంది. కోదాడ వైపు ఒక సంఘంలో ఒక వేసవి అంతా ఇదే జరిగింది. ఉదయం చిన్న డబ్బాల్లో చక్కగా చల్లార్చి, వాటినే అలాగే మధ్యాహ్నం బండికి ఎక్కించేవారు. వెనక్కు వచ్చిన పాల నష్టం సభ్యుల బిల్లుల్లో కోత పడింది. చల్లారిన పాలను పెద్ద డబ్బాల్లోకి మార్చి, డబ్బాలను ఒకదానికొకటి ఆనించి, పైన తడి గోనెలు కప్పి పంపటం మొదలుపెట్టిన తరువాత ఫిర్యాదులు తగ్గాయి. ఆనించి పెట్టటంలో కూడా అగ్గిపెట్టెల సూత్రమే వుంది. నడిమి డబ్బాలకు ఎండ ముఖం తగ్గుతుంది.

బల్క్ కూలరు, ట్యాంకరు

1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలైన తరువాత చాలాకాలం పల్లె నుంచి శీతల కేంద్రం దాకా పాలు డబ్బాల్లోనే నడిచాయి. తరువాత బల్క్ కూలర్లు వచ్చాయి. ఈ యంత్రంలో పైన చెప్పిన రెండు పనులకూ ఏర్పాటు వుంటుంది. పెద్ద తొట్టిలో పాలు తమంతట తాము చల్లారాలంటే గంటలు పడుతుంది గనుక, అడుగున చల్లటి పలక, నడుమ పాలను తిప్పే రెక్క పెట్టారు. రెక్క తిరుగుతుంటే ప్రతి లీటరు వంతులవారీగా చల్లటి పలకను తాకి వస్తుంది. డెయిరీల్లో వుండే ప్లేట్ చిల్లరు కూడా అంతే. పాలను పలుచటి పొరగా పలకల మధ్య పారించి, తక్కువ చోటులో ఎక్కువ ఉపరితలం కల్పించటమే అందులోని కిటుకు.

కరెంటు పోయినపుడు పెద్ద తొట్టి మేలు. 500 లీటర్ల తొట్టిని, అదే ఆకారంలో 4,000 లీటర్ల తొట్టిని పోల్చండి. సరుకు ఎనిమిదింతలు, ఉపరితలం నాలుగింతలు. వేడి నిరోధక పొర మందం రెంటికీ ఒకటే అయితే పెద్దదానిలోకి నాలుగింతల వేడి వస్తుంది, కాని అది ఎనిమిదింతల పాలకు పంపిణీ అవుతుంది. చిన్న తొట్టిలో పాలు 2 డిగ్రీలు పెరిగే కాలంలో పెద్ద తొట్టిలో 1 డిగ్రీ పెరుగుతాయి. అయితే తొట్టి నిండా పాలు వుంటేనే ఈ మాట. వెయ్యి లీటర్ల కూలరులో వంద లీటర్లు పోసి పెట్టుకొంటే పలుచగా పరుచుకొన్న పాలకు ఈ లాభం దక్కదు. రెక్క కూడా పాలకు సరిగా అందకపోవచ్చు.

ట్యాంకరు సంగతి చూద్దాం. సూర్యాపేట నుంచి హైదరాబాదు సుమారు 135 కిలోమీటర్లు, కోదాడ నుంచి సుమారు 175. 10,000 లీటర్లు డబ్బాల్లో పంపాలంటే 40 లీటర్లవి 250 కావాలి. అదే ఆకారం గల ఒకే ఒక పెద్ద డబ్బాలో పోస్తే దాని ఉపరితలం సుమారు 40 డబ్బాల ఉపరితలంతో సమానం. ట్యాంకరు కొంచెం పొడవాటి ఆకారం గనుక ఇంకాస్త ఎక్కువ వుంటుంది. ఎలా చూసినా 250 డబ్బాల మీద పడే ఎండతో పోలిస్తే అయిదో వంతు, ఆరో వంతు మాత్రమే. పైగా కడగవలసిన ఉపరితలం తగ్గుతుంది. కడగటానికి పట్టే నీరు, సోడా లీటర్లను బట్టి కాక లోపలి ఉపరితలాన్ని బట్టి వుంటాయి. పాలు అంటుకొని మిగిలేది, సూక్ష్మజీవులు నిలిచేది కూడా ఆ ఉపరితలం మీదనే.

మంచుగడ్డ పగలగొట్టవచ్చునా

కొన్ని కేంద్రాలు అవసరానికి మంచుగడ్డలు తెప్పించుకొంటాయి. ఒక అడుగు పొడవు, వెడల్పు, ఎత్తు గల గడ్డకు ఉపరితలం 6 చదరపు అడుగులు. దాన్ని ఒక్కొక్క అంగుళం ముక్కలుగా కొడితే 1,728 ముక్కలవుతాయి. వాటి మొత్తం ఉపరితలం 72 చదరపు అడుగులు. అంటే పన్నెండింతలు. మంచు అదే, చల్లదనం మొత్తం అదే. అది విడుదలయ్యే వేగం మాత్రం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

కాబట్టి తొట్టి నీటిని వెంటనే చల్లబరచాలంటే మంచును పగలగొట్టి వేయాలి. సాయంత్రానికి దాచుకోవాలంటే గడ్డగానే వుంచి పొట్టులో కప్పాలి. మిర్యాలగూడలో రైసు మిల్లులకు కొదవ లేదు గనుక ఊక దొరకటం కష్టం కాదు. సామాన్యంగా జరిగేది దీనికి వ్యతిరేకం. బండి దిగగానే గడ్డను ముక్కలు చేసి బుట్టలో పోస్తారు, మధ్యాహ్నానికి నీళ్లు మిగులుతాయి. మరొక మాట. మంచును డబ్బా చుట్టూ వున్న నీటిలోనే వేయాలి. పాలలో ఎప్పుడూ వేయకూడదు. అది పాలలో నీళ్లు కలపటమే అవుతుంది.

కంటికి కనబడని వెన్న బొట్లు

పాలలో వెన్న చిన్న చిన్న బొట్లుగా వుంటుంది. అవి ఎక్కువగా ఒకటి నుంచి పది మైక్రాన్ల మధ్య వుంటాయి. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆవు పాలకన్న బర్రె పాలలో బొట్లు పెద్దవి. బొట్టు పెద్దదైతే పైకి తేలే వేగం ఎక్కువ. అడ్డకొలత రెండింతలైతే తేలే వేగం నాలుగింతలు. అందుకే బర్రె పాలు కాసేపు కదలకుండా వుంచితే మీగడ పైకి వస్తుంది. అడుగు పాలలో వెన్న తగ్గుతుంది.

ఇక్కడ రైతు డబ్బు ముడిపడి వుంది. పాలను బాగా కలియబెట్టకుండా అడుగు నుంచి నమూనా తీస్తే వెన్న శాతం తక్కువ వస్తుంది, రైతుకు నష్టం. పైనుంచి తీస్తే ఎక్కువ వస్తుంది, సంఘానికి నష్టం. గెర్బరు గొట్టంలో చేసినా, యంత్రంలో చేసినా నమూనా తప్పయితే ఫలితం తప్పే. మా తనిఖీల్లో వెన్న తేడా మీద వచ్చిన తగాదాలు కొన్ని కలియబెట్టే గరిటె దగ్గరే తేలిపోయినాయి.

డెయిరీలో హోమోజనైజేషన్ అనే పద్ధతి వుంది. ఫ్రాన్సు దేశస్థుడు ఆగుస్ట్ గోలాఁ 1899లో ఈ యంత్రానికి పేటెంటు తీసుకొన్నాడు. పాలను పెద్ద ఒత్తిడితో సన్నటి సందు గుండా పంపితే వెన్న బొట్లు చితికి చిన్నవవుతాయి. 4 మైక్రాన్ల బొట్టు 1 మైక్రాను బొట్లుగా విడిపోతే ఒక్కటి 64 అవుతుంది. వెన్న పెరగదు, ఉపరితలం నాలుగింతలవుతుంది, తేలే వేగం పదహారో వంతుకు పడిపోతుంది. అందుకే ఆ ప్యాకెట్టు పాలపై మీగడ గట్టిగా కట్టదు. వెన్న తీసేశారని వినియోగదారులు అనుమానిస్తే ఈ సంగతి చెప్పండి. అయితే పచ్చి పాలను ఇలా చేసి వుంచితే, పెరిగిన ఉపరితలం మీద పాలలోని లైపేజు అనే పదార్థం పనిచేసి కమరు వాసన తెస్తుంది. అందుకే డెయిరీలో పాశ్చరైజేషనును దీనితో జతచేసి చేస్తారు.

దూడ సగం బర్రె కాదు

అన్నిటికన్న ముఖ్యమైన సంగతి ఇది. మా ఎరుకలో ఒక సభ్యుడు నట్టల మందు తెచ్చి బర్రెకు పూర్తి మోతాదు తాపాడు. దూడ ఎత్తులోనూ, పొడవులోనూ తల్లిలో సగం వుంది గదా అని సగం మోతాదు తాపాడు. దూడ దక్కలేదు. మందు చాలా ఎక్కువైందని పశువైద్యులు చెప్పారు. కొలతలు సగమైతే బరువు సగం కాదు, ఎనిమిదో వంతు. అంటే ఆ దూడకు తగిన దానికి నాలుగింతల మందు పడింది. ఆ ఇంటి ఆడపడుచు పడిన దుఃఖం మేము చూశాము. చదువు లేక జరిగిన తప్పు కాదు, మేము కూడా తొట్టి దగ్గర అదే తప్పు చేశాము.

బరువు అంచనాకు ఒక పాత పద్ధతి వుంది. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో కొలిచి, దాన్ని దానితోనే గుణించి, తరువాత భుజం నుంచి పిర్ర ఎముక దాకా వున్న పొడవుతో గుణించి, 300తో భాగిస్తే బరువు పౌన్లలో వస్తుంది. ఛాతీ 60 అంగుళాలు, పొడవు 52 అంగుళాలు అయితే 624 పౌన్లు, అంటే సుమారు 283 కిలోలు. రెండు కొలతలూ సగమైన దూడకు ఛాతీ 30, పొడవు 26. లెక్క వేస్తే 78 పౌన్లు, సుమారు 35 కిలోలు. ఎనిమిదో వంతే. ఇది అంచనా మాత్రమే, మోతాదు పశువైద్యుని అడిగే వేయాలి.

పిడుదుల మందు చర్మం మీద చల్లేది గనుక దాని లెక్క వేరు. దూడ బరువు ఎనిమిదో వంతైనా చర్మం నాలుగో వంతు వుంటుంది. కిలో బరువుకు వచ్చే చర్మం తల్లికన్న రెండింతలు. చర్మం గుండా లోపలికి ఇంకే విషం కూడా కిలోకు రెండింతలు పడే ప్రమాదం వుంది. కనుక చిన్న దూడలకు ఏ మందు, ఎంత పలుచగా కలపాలో అడిగి తెలుసుకోనిదే చల్లవద్దు. ఇదే కారణంగా పుష్యమాసపు చలిలో దూడ తల్లికన్న త్వరగా ఒంటి వేడి కోల్పోతుంది. గోనెపట్టా కప్పి, పొడి గడ్డి పరచాలి. పెద్ద బర్రెకు వేసవిలో వచ్చే కష్టం దీనికి తలకిందులు. బరువుకు తగినంత చర్మం లేదు, చెమట గ్రంథులు ఆవుకన్న తక్కువ, పైగా నల్లటి రంగు. అందుకే చెరువులోకి దిగుతుంది. చెరువు లేనిచోట మధ్యాహ్నం రెండుమూడుసార్లు నీళ్లు చల్లటం దుబారా కాదు.

మేత విషయంలో కూడా ఈ సూత్రం పనిచేస్తుంది. స్విట్జర్లాండులో పుట్టి అమెరికాలో పశుపోషణ మీద పరిశోధన చేసిన మాక్స్ క్లైబరు 1932లో ఒక సంగతి ప్రకటించాడు. పశువు ఒంటి నిర్వహణకు కావలసిన శక్తి బరువుతో సమంగా పెరగదు, కొంత నిదానంగా పెరుగుతుంది. ఆ లెక్క ప్రకారం బరువు రెండింతలైతే నిర్వహణ మేత సుమారు 1.7 రెట్లే కావాలి. అంటే 200 కిలోల బక్క పశువులు రెంటిని పోషించటంకన్న, 400 కిలోల మంచి పశువు ఒకదాన్ని పోషించటంలో నిర్వహణ మేత ఆదా అవుతుంది. పాలకు ఇచ్చే దాణా మాత్రం లీటర్లను బట్టి అదనంగా ఇవ్వవలసిందే.

ఈ విషయం మీద జె. బి. ఎస్. హాల్డేన్ అనే జీవశాస్త్రవేత్త 1926లో ఒక వ్యాసం రాశాడు. ప్రతి జీవికీ తగిన పరిమాణం వుంటుందన్నది దాని సారాంశం. ఆయన 1957లో మన దేశానికి వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వరులో కన్నుమూశాడు.

ఎక్కడ జాగ్రత్త పడాలి

ఈ సూత్రం ఆకారం మారనపుడే చెల్లుతుంది. తొట్టి లోతు అలాగే వుంచి పొడవు, వెడల్పు మాత్రమే రెట్టింపు చేస్తే నీళ్లు నాలుగింతలే పడతాయి. కోవా బాండీ వెడల్పుగా, లోతు లేకుండా వుండటం ఆవిరి త్వరగా పోవటానికే. అక్కడ ఉపరితలం ఎక్కువ కావటమే మనకు లాభం. అలాగే పెద్ద తొట్టికి ఒత్తిడి ఎక్కువ గనుక గోడ మందం, రేకు మందం పెంచవలసి వుంటుంది. కాబట్టి ఖర్చు నాలుగింతలకు మించితే వెంటనే అనుమానించక, ఎందుకు మించిందో అడగాలి.

పట్టే సరుకును బట్టి ఉపరితలం ఎంత వుండాలో కార్యదర్శుల సౌకర్యార్థం ఇక్కడ ఇస్తున్నాము. ఆకారం ఒకటే అయినపుడు:

సరుకు 2 రెట్లైతే ఉపరితలం 1.59 రెట్లు
సరుకు 3 రెట్లైతే ఉపరితలం 2.08 రెట్లు
సరుకు 5 రెట్లైతే ఉపరితలం 2.92 రెట్లు
సరుకు 8 రెట్లైతే ఉపరితలం 4 రెట్లు
సరుకు 10 రెట్లైతే ఉపరితలం 4.64 రెట్లు

సంఘాలు పాటించవలసినవి

1. పాలు పిండిన వెంటనే చిన్న పాత్రల్లో, నీడలో, నీటిలో చల్లార్చండి. కేంద్రానికి తొందరగా చేర్చండి.
2. చల్లారిన పాలను పెద్ద డబ్బాల్లో, నిండుగా, ఒకదానికొకటి ఆనించి పంపండి.
3. మంచును దాచేటపుడు గడ్డగా, వాడేటపుడు ముక్కలుగా వుంచండి.
4. నమూనా తీసేముందు ప్రతి డబ్బానూ అడుగుదాకా కలియబెట్టండి.
5. తాపే మందు బరువును బట్టి, చల్లే మందు చర్మాన్ని బట్టి. రెండూ పశువైద్యుని అడిగి.
6. గిలాబు, రంగు, రేకు బిల్లులను చదరపు కొలతతోను, నీరు, పాలు, దాణా నిలవలను ఘనపు కొలతతోను సరిచూడండి. తీర్మానంలో పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ రాయండి.

చివరిగా మా తోటి తనిఖీ అధికారులకు కూడా ఒక మనవి. అభ్యంతరం రాసేముందు కార్యదర్శిని ఒక్కసారి అడగండి. ఆయన దగ్గర వోచరు లేకపోవచ్చు, ఎనిమిది అగ్గిపెట్టెలు వుండవచ్చు. విడివిడిగా వున్నపుడు ఎండకు ఎదురొడ్డే ముఖాలు 48 అయితే, కలిసి నిలిచినపుడు సగమే మిగులుతాయని ఆయన మాకు చూపించాడు. సంఘం పెట్టుకొన్నవారికి ఇది కొత్త మాట కాదు.